తెల్లబండి ఆట

పరీక్ష పుల్ల ముక్కులో పెడతారా గొంతులో పెడతారా అన్నది ఇంకా తేలనే లేదు, మా కోడలు హేమ ముక్కులోనే అంటోంది, పక్కింటి జోగారావు గొంతుకలో ఎట్టీసి తిప్పుతారు మావా, కడుపులో ఉన్నదంతా బయటికొచ్చెత్తాది అంటున్నాడు, ఆ మాట పిల్ల వినకూడదని మనవరాలి చెవులు రెండూ అరచేతులతో మూశాను, మూస్తే అది తల పైకెత్తి నన్ను తలకిందులుగా చూసి, తాతా ఏటి సేత్తన్నావు, నాకు ఇనబడతంది అంది, నాలుగేళ్ళ యామినికి ఇన్ని మాటలు ఎక్కడివో, నేను ఆడని మాటలన్నీ నా వంతు కూడా కలిపి అదే ఆడేస్తోంది, ఆడనీ, ఎండ ఆసుపత్రి వరండా మీదికి ఎక్కింది, వెనక జీడితోట పూత మీదుంది, ఆ ఘాటు, లోపలి మందుల వాసన, సముద్రం మీంచి వచ్చే ఉప్పుగాలి, మూడూ కలిసి ముక్కుకి కొడుతున్నాయి, ఇన్ని వాసనలు తెలుస్తున్నాయంటే నాకు ఆ కరోనా లేనట్టే కదా, కాదట, అది నిరుడు, ఈ ఏడు వచ్చింది కొత్తరకం, వాసన పోదట, జలుబులా వచ్చి జలుబులా పోతుందట, అయినా పలాసలో పిల్లల నర్సరీ మేడమ్ ఊరుకోదు, ఊరుకోకపోవడం ఆమె తప్పూ కాదు, వేన్‌లో వచ్చే ఒక పిల్లకి ఉన్నట్టు తేలింది, మిగతా అందరికీ పరీక్ష చేయించి రేపు సాయంత్రానికి రిజల్టు పంపండి, ఒక్కరు తగ్గినా ఎల్లుండి నుంచి ఉద్దానం ఊళ్ళకి వేన్ పంపను అని నిన్న ఫోన్ చేసింది, వేన్ రాకపోతే ఇక్కణ్ణుంచి పలాస దాకా పిల్లల్ని ఎవరు దింపుతారు, మా అబ్బాయి ఢిల్లీబాబు కొబ్బరి లోడుతో నాగపూర్ దారిలో ఉన్నాడు, పైగా ఆ వేన్‌లో పిల్లల్ని ఎక్కించి దింపే ఆయా మా హేమే, వేన్ ఆగితే పిల్ల చదువూ ఆగుతుంది తల్లి పనీ ఆగుతుంది, ఫోన్‌లో ఎంత ధీమాగా చెప్పింది హేమ, అందర్నీ నేనే తీసుకెళ్తానండి మేడమ్, ఒక్కరూ తగ్గరండి అని, ఫోన్ పెట్టేశాక మాత్రం గోడకి ఆనుకుని అలా ఉండిపోయింది, నేను చూశాను.

చెప్పినట్టే తీసుకొచ్చింది, పొద్దున్నే ఇల్లిల్లూ తిరిగి, మా గుంటకి జొరమే నేదు మరెందుకమ్మా అని ఒకావిడ, ఇలాగే మొదలెడతారు, తరవాత రగతం తీత్తారు, మాకు తెలీదేటి అని ఒకాయన, అందరి గడపల్లోనూ నిలబడి బతిమాలి, అక్కుపల్లి పిల్లల్ని ఆటోలో రప్పించి, ఇప్పుడు వేనెడు పిల్లలూ వరండాలో ఉన్నారు, పువ్వుల మాస్కులు గడ్డాల కిందికి జారిపోయి, తల్లుల గుప్పిళ్ళలో చాక్లెట్లు కరిగిపోయి, ఎవరి ఇంట్లో వాళ్ళు ఏదో ఒక తర్ఫీదు ఇచ్చుకునే వచ్చారు, మా హేమ కూడా నిన్న చెవుల్లో పెట్టుకునే దూది పుల్లలు తెచ్చి పిల్ల ముక్కుకి అలవాటు చేద్దామని కూర్చుంది, ముందు బొమ్మకి పెట్టమంది యామిని, బొమ్మకి పెట్టింది, మరి నీకు అంది, తనకీ పెట్టుకుంది, మరి దూడకి అంది, పెరట్లోకి వెళ్ళి దూడకి పెడితే అది పుల్లని నమిలి మింగేసింది, నవ్వి నవ్వి పిల్ల నిద్రపోయింది, దాని ముక్కు జోలికి మాత్రం ఎవరూ వెళ్ళలేదు, ఇక్కడ జోగారావు లోపలి గదిలోకి తల పెట్టి, అప్పా, ఎందుకొచ్చిన గోల ఇది, అందరికీ నేదని రాసీ, పిల్లలు ఏడవకుండా ఎల్లిపోతాం అంటున్నాడు, నర్సమ్మ వరహాలమ్మ తొడుగులు ఎక్కించుకుంటూ, రాసెత్తాను బావు, రేపు నీ కూతురు పక్కన కూకున్న గుంటకి తగిలితే వాళ్ళమ్మకి నువ్వేటి సెప్తావో అది కూడా ఇప్పుడే సెప్పీ అంది, జోగారావు తల వెనక్కి తీసుకుని, గయ్యాళి మావా అని నా చెవిలో అన్నాడు, ఇనబడతంది బావు అని లోపల్నుంచి ఆవిడ, అందరూ నవ్వారు, హేమ కూడా నవ్వింది, పొద్దుట్నుంచి మొదటిసారి, ఇక ఫరవాలేదనుకున్నాను, ఆ అనుకున్న క్షణానే వరహాలమ్మ గుమ్మంలోకి వచ్చింది, నెత్తి నుంచి పాదాల దాకా తెల్లటి తొడుగు, మొహానికి అద్దం, చేతిలో పుల్ల, ఎవరి గొంతో నాకు బాగా తెలుసు, మా యామినిదే, తెల్లబండొచ్చిందిరో అని అరిచింది.

అంతే, చింతపిక్కల బుట్ట తన్నేసినట్టు పిల్లలు చెల్లాచెదురైపోయారు, మెట్ల మీంచి కొందరు, అరుగు దూకి కొందరు, అందరూ తోటలోకే, తల్లులు వెనక, జోగారావు లుంగీ ఎగ్గట్టి, ఒసే నిహారికా ఆగే, ఆగవే అని కూతురి వెనక, హేమ చెప్పులు వదిలేసి పరిగెత్తింది, వరహాలమ్మ పుల్ల పట్టుకుని అలాగే నిలబడి, ఏటయ్యింది తాతా, నానేటి సేసినాను అంది, ఆవిడ ఈ ఊళ్ళకి కొత్త, ఆవిడకి ఎలా తెలుస్తుంది, ఇక్కడ కిడ్నీల రోగం పుట్టినప్పట్నుంచి పరీక్షలవాళ్ళ తెల్లబళ్ళు వస్తూనే ఉన్నాయి, ఎక్కడెక్కడి డాక్టర్లో, రక్తం పట్టుకెళ్ళారు, మూత్రం పట్టుకెళ్ళారు, బావుల్లో నీళ్ళు, మడుల్లో మట్టి సీసాలకెత్తి పట్టుకెళ్ళారు, ఊరి మలుపులో బండి కనిపించిందంటే పెద్దవాళ్ళకే ఎక్కడలేని పనులూ గుర్తొస్తాయి, ఒకరు తోటకి, ఒకరు రేవుకి, నేనూ ఎన్నిసార్లు కొడవలి భుజాన వేసుకుని జారుకోలేదు, మమ్మల్ని చూసి పిల్లలు దాన్ని ఆట చేసుకున్నారు, మా ఇంటి ముందే ఆడతారు, నేను కొబ్బరి పీచు తీస్తూ చూస్తుంటాను, ఒకరు డాక్టరు, కొబ్బరి ఈనె సూది, మిగతావాళ్ళు జీడితోటలో దాక్కోవాలి, దొరికినవాళ్ళు దొరికిపోనాను అని ఊరంతా వినబడేలా కేకెయ్యాలి, ఏడవకుండా చెయ్యి చాపి గుచ్చించుకోవాలి, గుచ్చించుకున్నాక వాళ్ళూ డాక్టర్లే, వాళ్ళూ వెతకడానికి రావాలి, అందరూ డాక్టర్లయిపోతే ఆట అయిపోయినట్టు, ఆ ఆటే ఇప్పుడు నిజంగా నడుస్తోంది, తిత్లీ తుపానుకి పాత చెట్లన్నీ పోయాక నాటిన కొత్త జీడితోట అది, మనిషెత్తు కొమ్మలు నేలని తాకుతున్నాయి, పిల్ల దూరితే కుందేలు దూరినట్టే, ఒకరిని లాక్కొస్తే ఇద్దరు జారిపోతున్నారు, లాక్కొచ్చినవాళ్ళు ఊపిరి బిగబట్టి ఏడుస్తున్నారు, వరహాలమ్మ, ఇలాగ ఏడిత్తే పుల్ల పెట్టనేనమ్మా, ముక్కు లోపల గీరుకుపోద్ది, నా వల్ల కాదు, ఇంకో రోజు రండి అంటోంది, ఇంకో రోజు లేదు, హేమ వెనక్కొచ్చి స్తంభం పట్టుకుని నిలబడింది, చేతి మీద కొమ్మలు గీసిన చారలు, మావా అంది, ఆడది అలా పిలిచి ఆగిపోతే మగవాడు ఏదో ఒకటి చెయ్యాలి, నాకేం చాతనవుతుంది, పరిగెత్తలేను, బుజ్జగించే మాటలు రావు, చదువా మూడో తరగతి దాటలేదు, ఊరికే లేచాను, లేచి వెళ్ళి పిల్లల కోసం వేసిన స్టూలు మీద కూర్చున్నాను.

నాకు పెట్టమ్మా అన్నాను, వరహాలమ్మ అద్దంలోంచి చూసి, నీకెందుకు తాతా, పిల్లలకి కదా, నీ పేరు నా దగ్గర నేదు అంది, కూర్మయ్య, రాసుకో తల్లీ అన్నాను, ఆవిడకి ఏం తోచిందో, వాదించలేదు, తల వెనక్కి వంచమంది, పుల్ల ముక్కులోకి వెళ్ళింది, చల్లగా, చీమ నడిచినట్టు, ఇంకా లోపలికి, కళ్ళలోంచి నీళ్ళు జిల్లున వచ్చాయి, రెండో పక్క కూడా, తుమ్ము వచ్చి మెట్ల కింద పడుకున్న కుక్క లేచి పారిపోయింది, ఇంతేనా అన్నాను, ఇంతే తాతా అంది, నేను వరండా అంచుకి వచ్చి తోట వైపు తిరిగి, గొంతు సవరించుకుని, నా జన్మలో ఎప్పుడూ అంత గట్టిగా అరిచి ఉండను, దొరికిపోనాను, దొరికిపోనానర్రా అని కేక పెట్టాను.

తల్లులు నా వైపు తిరిగి నాకు మతి పోయిందా అన్నట్టు చూశారు, కొమ్మల కింద కిసుక్కుమని ఒక నవ్వు, దాని పక్కన ఇంకోటి, ఎవరో చిన్న గొంతుతో, తాత దొరికిపోనాడురా, ఇప్పుడు తాత డాక్టరు అన్నారు, నేను మెట్లు దిగి నడిచాను, డాక్టరులా నడిచాను, చేతులు వెనక్కి పెట్టుకుని, ఒక్కో చెట్టు దగ్గర ఆగి, వంగి, ఇక్కడెవరూ నేరే అని పైకే అంటూ, అబ్బా ఆ నవ్వులు ఆపుకోలేక పిల్లలు పడే అవస్థ, ఎర్ర గౌను కనిపించింది, మా యామిని, కొమ్మ కింద బోర్లా పడుకుని కళ్ళు గట్టిగా మూసుకుంది, అది కళ్ళు మూసుకుంటే నాకు కనబడదని దాని లెక్క, కాలి బొటనవేలు పట్టుకున్నాను, లేచి కూర్చుంది, మొహమంతా ఆకుల మరకలు, దొరికిపోనాను అని అరిచింది, అరిచాక గుర్తొచ్చింది, తాతా నొప్పెడతాదా అంది, నేను అబద్ధం చెప్పలేదు, తుమ్మొత్తాది అన్నాను, నీకొచ్చిందా, వచ్చింది, గట్టిగానా, కుక్క పారిపోనాది అన్నాను, ఆట నియమం నియమమే, దొరికినవాళ్ళు ఏడవకూడదు, నా వేలు పట్టుకుని తనే నడిచింది, తనే స్టూలు ఎక్కింది, వరహాలమ్మ ఊపిరి బిగబట్టింది, హేమ చీర చెంగు నోట్లో కుక్కుకుంది, పుల్ల వెళ్ళింది, వచ్చింది, యామిని కళ్ళు నిండిపోయాయి, నేను తుమ్ము కోసం చూస్తున్నాను, తుమ్మింది, నా కన్నా గట్టిగా, తుమ్మి కిందికి దూకి, ఇప్పుడు నానూ డాక్టర్ని అని తోటలోకి ఒకటే పరుగు, ఇక చూడాలి, అది నిహారికని పట్టుకుంది, నిహారిక వచ్చి కూర్చుని కాళ్ళు ఊపుతూ పెట్టించుకుని అక్కుపల్లి కవలల్ని పట్టుకుంది, వాళ్ళు ఎవరు ముందని కొట్టుకున్నారు, డాక్టర్లు పెరిగిపోయారు, దాక్కున్నవాళ్ళు తగ్గిపోయారు, తల్లులు పరిగెత్తడం మానేసి అరుగు మీద వరసగా కూర్చుని సినిమా చూసినట్టు చూస్తున్నారు, జోగారావు ఈల వేశాడు, వరహాలమ్మ చెయ్యి ఆగకుండా ఆడుతోంది, తరవాత డాక్టరు గారు ఎవలమ్మా, రండి, రండి అంటోంది, చివరికి తోటలో ఎవరూ మిగల్లేదు, ఆట అయిపోయింది, హేమ వేన్ ఎక్కించేటప్పుడు పిలిచినట్టు పేరు పేరునా పిలిచింది, ఒక్కరూ తగ్గలేదు.

రిజల్టు సాయంత్రం ఫోన్లలోకి వత్తాది, ఇంక ఎల్లండమ్మా అంది వరహాలమ్మ, పెద్దవాళ్ళం లేచాం, మాకు అలవాటు, వెళ్ళమంటే వెళ్తాం, యామిని మాత్రం కదల్లేదు, నడుం మీద చెయ్యి వేసుకుని, నాను డాక్టర్ని కదా, నాకిప్పుడే సెప్పాల అంది, మాకూ సెప్పాల అని వెనక డాక్టర్లందరూ, వరహాలమ్మ అద్దం పైకెత్తుకుంది, అప్పుడు చూశాను ఆవిడ మొహం, చెమటలో నవ్వుతోంది, లోపల్నుంచి బల్ల బయటికి లాగింది, దాని మీద చిన్న చిన్న తెల్ల పలకలు వరసగా పెట్టింది, ప్రతిదాని మీదా పెన్నుతో పేరు, ఒక్క గీత పడితే నేనట్టు, రెండు పడితే ఉన్నట్టు, ముట్టుకోకుండా సూడండి అంది, పిల్లలు బల్ల అంచు మీద గడ్డాలు ఆనించి చూస్తున్నారు, ఇంతమంది పిల్లలు ఇంతసేపు నిశ్శబ్దంగా ఉండటం ఆ ఆసుపత్రి గోడలు ఎరగవు, గులాబీ రంగు తడి పాకుతోంది, ఒక పలక మీద గీత పడింది, ఇంకోదాని మీద, ఒకటే గీత, ఒకటే గీత అని ఒక్కొక్కరూ ఎగురుతున్నారు, జోగారావు కూతురిని భుజాల మీదికి ఎత్తేసి, నాను గొంతుకలో పెడతారన్నానా, ఎవలన్నారు అంటున్నాడు, అందరివీ ఒకటే గీత, హేమ ఫోటోలు తీసి పంపింది, మేడమ్ ఫోన్ చేసింది, రేపు మామూలు టైముకే వేన్ వత్తాదంట మావా అని హేమ నా చెయ్యి పట్టుకుంది, కోడలు నా చెయ్యి పట్టుకోవడం ఇదే మొదలు, వదలడం మర్చిపోయింది, తాతా నీదీ ఒకటే, నీకేటీ నేదు అని యామిని నా పలక చూపించింది, ఏటీ నేదు అని ఎవరైనా ఎదురుగా నిలబడి నాకు చెప్పడం కూడా ఇదే మొదలు, మా ఆవిడ పైడమ్మకి ఆ బళ్ళవాళ్ళెవరూ ఏదీ చెప్పలేదు, అది బతికున్నప్పుడు రక్తం ఇచ్చిన మర్నాడు తల దువ్వుకుని గుమ్మంలో కూర్చునేది, ఈ వేళ వచ్చి సెప్తారేమో అని, బండి ఇంకో ఊరికి పోయేది, ఇంకో బండి వచ్చేది, ఇంకో సీసా నింపుకునేది, కొన్నాళ్ళకి పైడమ్మే బండి చప్పుడు వింటే తలుపు వేసుకోవడం మొదలెట్టింది, పిరికిదయిపోయిందనుకున్నాం, ఊరు ఊరంతా పిరికిదయిపోయిందనుకున్నాం, సూదంటే భయమని మాకు మేమే పేరు పెట్టుకున్నాం, ఇక్కడ ఈ గుంటలు చూడు, ముక్కులు ఎర్రగా, కళ్ళలో ఇంకా నీళ్ళు, అయినా వెళ్ళమంటే వెళ్ళకుండా ఆ బల్ల చుట్టూ ఆడుతూనే ఉన్నారు, ఎవరూ తోట వైపు చూడటం లేదు, రక్తం తీసుకున్నవాళ్ళు ఎదురుగా కూర్చుని ఏమైందో చెబితే మనిషి ఎక్కడికీ పారిపోడు, మేమూ పారిపోయేవాళ్ళం కాదు.