ఎడమచేతి నాదము

ఆషాఢమాసావసానమున నొకనాఁటి యపరాహ్ణవేళ నభినవజలధరచ్ఛాయాశీతలమగు గోదావరీపవనము రాజమహేంద్రవరమునుండి ధవళేశ్వరమునకుఁ బోవు రాజమార్గముపైఁ బ్రసరించుచు గ్రీష్మతప్తములైన లారీల యినుపమేనులకు సయితము హాయి గొలుపుచుండ నా మార్గపార్శ్వమునఁ గార్లకు నాదపరికరము లమర్చు షేకు మీరావలి తన రేకులపందిరిక్రింద నొక శ్వేతశకటముయొక్క ముందాసనము క్రిందికిఁ దల దూర్చి పని సేయుచుండెను. ముప్పదియేండ్లుగా నా వృత్తియందు నలిగిన యతని పనికి వంక పెట్టినవారు లేరనుట యా వీథివారెల్ల నెఱిఁగిన మాట. అతఁడును దానిని మఱచువాఁడు కాఁడు.

శకటస్వామి మృదంగవిద్వాంసుఁడగు నేమాని సీతాపతి. కీర్తిశేషుఁడైన తన గురువుగారి సంస్మరణసభ మఱునాఁడు కాకినాడలో జరుగనుండెను. అందు మృదంగ మొంటిగాఁ బలుకు గురువుగారి తనియావర్తనమునే యాయన వాయింపవలెను. ఆ మహనీయుని వాదనమునకు మిగిలిన రికార్డు ఒక్కటియే. కారుతోఁ గంపెనీవారమర్చిన స్టీరియోలో దాని నెన్నిమాఱులు వినినను దక్షిణహస్తపుఁ బలుకులు ముత్యములవలె రాలుచుండెనే కాని యెడమవైపు మూఁతయగు తొప్పిపైఁ బుట్టు గంభీరనాదము మాత్రము వినరాదయ్యె. పండ్రెండేండ్లు గురుకులవాసము చేసియు గురువుగారి యెడమచేయి తనకు దక్కలేదేమో యను దిగులు సీతాపతిని లోలోపలఁ దొలుచుచుండెను.

ఆ తొప్పినాదము వినఁబడునట్లు చేయుటకై మీరావలి యా స్టీరియోను దాని చోటనే యుంచి స్పీకర్లకుఁ బోవు తీఁగెలనుండి నాదమును గ్రహించి యాసనము క్రింద వేఱుగా నిలిపిన యాంప్లిఫయరునకుఁ జేర్చెను. బ్యాటరీనుండి దానికిఁ బ్రత్యేకముగా నొక లావుతీఁగె నీడ్చి నడుమ ఫ్యూజు నమర్చెను. ఇఁక నెర్తుతీఁగెను గారు నేలయినుమునకు బిగించుట యొక్కటియే మిగిలెను. తీఁగె యినుమును నేరుగాఁ దాఁకుటకు బిగించుచోట రంగు గోఁకవలయునని యతఁ డెఱుఁగును. కాని శిష్యులు కానుకగా నిచ్చిన కారుపై గీఁత పడరాదని సీతాపతి ముందే కోరియుండుటచే మొగమోటపడి రంగుమీఁదనే బిగించెను. ఆ మొగమోటమే కొంప ముంచినది.

ఇంజను కదలఁగనే స్పీకర్లలో నొక కీచురవము పుట్టి వేగముతోఁ బాటు పైస్థాయికి నెగఁబ్రాకెను.

"మా గురువుగారి పక్కన ఈ దోమ ఎక్కడిదండీ?" అని సీతాపతి యడిగెను.

"తప్పు నాదేనండి. రంగు మీద ఎర్తు బిగించాను. రూపాయి బిళ్ళంత చోటు గోకనివ్వండి, దోమ ఉండదు."

"కొత్త కారండీ. పిల్లలు ముచ్చటపడి ఇచ్చారు."

మీరావలి తొణఁకలేదు. "తొప్పికి తడిరవ్వ పెడతారు కదా గురువుగారూ. నిన్న ఎండిపోయిన రవ్వ మీదే ఇవాళ కొత్త రవ్వ పెడతారా?"

కచేరి ముగియఁగనే యెండిన రవ్వను గోఁకి చర్మమును శుభ్రపఱచు పని నితరుల కప్పగింపకుండుట సీతాపతి నియమము.

"ఆ గరుకు కాగితం ఇలా ఇవ్వండి," అని పంచె యెగఁగట్టి మోకాళ్లపై వంగి తెల్లని యినుము బయల్పడునందాఁక దానే రుద్దెను. మీరావలి తీఁగె బిగించెను.

ఈసారి యింజను నడచుచుండినను గీచురవము లేదు. మీరావలి యాంప్లిఫయరు మరను మెల్లమెల్లగాఁ ద్రిప్పి నాదము చిట్లఁబోవునంతలో నించుక వెనుకకుఁ దీసి నిలిపి రికార్డు పెట్టెను. తొప్పినాదము పాదములకుఁ దాఁకునట్లు పలికెను. సీతాపతి కన్నులు మూసికొనెను. మీరావలి కాయన చేయి కనఁబడెను. తొడపై నున్న యా యెడమచేయి ప్రతి గుంకారమునకు నొక రెప్పపాటు ముందుగనే వ్రాలుచుండెను.

"ఇన్నాళ్ళూ వినపడలేదన్నారు. మీ చెయ్యి ముందే వెళ్తోందండీ," అని యతఁ డల్లన ననెను.

సీతాపతి కన్నులు తెఱచి యా చేతిని బరులదానివలెఁ జూచెను. దిగులు తీఱెను, కన్నులు చెమ్మగిల్లెను. సద్గురువు చేతికిచ్చిన విద్యను శిష్యుఁడు వెదకుకొనుటయే కాని పోఁగొట్టుకొనుట లేదు. స్పీకర్లలోఁ దనియావర్తనము ముగిసెను. తొడపై నెడమచేయి వాయించుచునే యుండెను.