పిచ్చుక నాడి

చైనాలోని బోజౌ ఊళ్లో పొద్దున్నే ఫెంగ్ డాక్టరమ్మ టీ తాగి, బల్ల మీద చిన్న దిండు పెడుతుంది. వచ్చినవాళ్లు దాని మీద మణికట్టు ఆనిస్తారు. ఆమె మూడు వేళ్లూ ఆనించగానే నాడి ఎలాంటిదో అలాంటిదే గదిలోకి వచ్చేస్తుంది. కోపిష్టుల నాడికి గోడకున్న తంతివాద్యం బిగుసుకుని మూలుగుతుంది. కడుపుతో ఉన్నవాళ్లయితే ముత్యాలు దొర్లుతాయి, అందుకే అత్తగార్లు ముందు బల్ల కిందికే చూస్తారు. ఏ జబ్బూ లేనివాళ్లకి కిటికీలోంచి లేత విల్లో చెట్టు కొమ్మ వంగి నెమ్మదిగా ఊగుతుంది. వాళ్లని మాత్రం డాక్టరమ్మ "పనీపాటా లేదా మీకు? లేచి పొండి" అని కసిరి పంపేస్తుంది.

ఆ రోజు గంజి అమ్మే సుయ్‌లాన్ మొగుణ్ణి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. గడప దాటేసరికే బావ్‌షెంగ్‌కి ఆయాసం.

"నా కొర్రగంజి తప్ప ఊళ్లో అన్నీ తింటాడమ్మా," అంది.

"దాని గంజి తాగే ఇలా అయ్యాను డాక్టరమ్మా," అన్నాడు.

డాక్టరమ్మ నవ్వుతూనే వేళ్లు ఆనించింది. ఎక్కణ్నించో ఒక పిచ్చుక వచ్చి బల్ల మీద వాలింది. టకటకా నాలుగుసార్లు పొడిచి ఆగింది. మళ్లీ పొడిచి, ఈసారి ఇంకాసేపు ఆగింది.

వరసలో కూర్చున్నవాళ్ల నవ్వులు ఆగిపోయాయి. పిచ్చుక నాడి వచ్చాక బతికి బట్టకట్టినవాడు లేడని అందరికీ తెలుసు. డాక్టరమ్మ మందు రాసే కలం పక్కన పెట్టేసింది.

"ఇష్టమైనవి వండిపెట్టు తల్లీ."

సుయ్‌లాన్‌కి ఆ మాట ఎక్కలేదు. పిచ్చుకనే చూస్తోంది.

"ఉత్త బల్లని ఏ పిట్టయినా ఎంతసేపని పొడుస్తుంది? పాపం, దానికి ఆకలేస్తోంది," అంది.

జేబులో పొద్దున రాళ్లేరిన కొర్రలున్నాయి. ఒక్కో గింజా వేసింది. పిచ్చుక తింది. చెయ్యి కాస్త ఆలస్యమైతే పిట్ట ఆగిపోతోంది, బావ్‌షెంగ్ పెదాలు నల్లబడుతున్నాయి. సుయ్‌లాన్ గంజి కలిపేటప్పటిలాగే చేతిని ఒకే తీరున ఆడించింది. కాసేపటికి పిచ్చుక కూడా ఆ తీరులోనే పొడవసాగింది.

"ఆపకు," అంది డాక్టరమ్మ, వేళ్లు తియ్యకుండానే.

గింజలు అయిపోయాయి. సుయ్‌లాన్ ఖాళీ చెయ్యి అలాగే చాపి నిలబడింది. పిచ్చుక ముక్కు బల్లకేసి తుడుచుకుని ఎగిరిపోయింది.

కిటికీలోంచి లేత విల్లో కొమ్మ వంగింది. పిచ్చుక వచ్చి దాని మీద కూర్చుంది. కొమ్మ నెమ్మదిగా ఊగింది.

డాక్టరమ్మ చాలాసేపు అటే చూసి, వేళ్లు తీసి కళ్లు తుడుచుకుంది.

"పనీపాటా లేదా మీకు? లేచి పొండి," అని కసిరింది.