వంపులు తీసిన గొట్టం

మా అత్తమ్మకు వంకర వస్తువు పడేది కాదు. వంకర మేకు చేతికి తగిలితే చాలు, వాకిట్లో బండ మీద పెట్టి, గుండ్రాయితో మెల్లగా కొట్టి, సాపు చేసి కొడుకు పనిముట్ల డబ్బాలో వేసేది. వంగిన గరిటె, సొట్టపడ్డ చెంబు, విరగబోయిన గొడుగు ఊచ, ఏదీ ఆమె చేతుల్లోంచి తప్పించుకుపోలేదు. ఇంట్లో అన్నిటినీ సరిచేసింది గానీ తన నోటిని మాత్రం సరిచేసుకోలేకపోయింది. నా నోటి గురించి ఆమె కూడా ఊళ్లో ఇదే మాట చెప్పేదని నాకు తెలుసు.

ఆమె పేరు అంతమ్మ. మాది చేవెళ్ల. నేను కాపురానికి వచ్చేనాటికే ఆమె కండ్లకు పొర కమ్మింది. ఒక కన్ను పూర్తిగా పోయింది. రెండో కంటికి వెలుగూ నీడా తప్ప ఇంకేమీ ఆనేది కాదు. అందుకే నన్ను చూడవచ్చినప్పుడు మొహం జోలికి పోకుండా నా చేతులు తడిమి, "పని చేసిన చేతులే, సాలు" అన్నది. నాకు పోయిన ప్రాణం లేచివచ్చింది. నా ముందుపన్ను ఒకటి పక్క పన్ను మీదికెక్కి బయటికి తొంగిచూస్తుంటుంది. దాన్ని చూసి అంతకుముందు వచ్చినవాళ్లు మళ్లీ కబురు చేయలేదు. నవ్వొస్తే చెయ్యి అడ్డం పెట్టుకోవడం నాకు చిన్ననాటి అలవాటు. అత్తమ్మ ముందు మాత్రం ఆ బాధ లేదు. పండ్లన్నీ బయటపెట్టి నవ్వేదాన్ని.

మా ఆయన శాంతయ్యకు ఒక జీపు ఉండేది. యుద్ధంలో తిరిగిన మిలిటరీ బండి. వేలంలో సురంగల్ పటేలు కొంటే, ఈయనే ఏళ్లకేళ్లు నడిపాడు. పటేలు కొత్త కారు తెచ్చుకున్నాక, "దీన్ని నువ్వే తోలుకపో శాంతయ్యా" అని వదిలేశాడు. నేను దానికి సవతి అని పేరు పెట్టాను. పొద్దున లేస్తే దాన్ని తుడవడం, దాని కింద పడుకోవడం, నాతో ఆడని ముచ్చట్లన్నీ దానితో ఆడటం. సవతి కాక మరేమిటి? మా కోళ్లు మాత్రం దానితో రాజీపడి వెనక సీటు కింద గుడ్లు పెట్టేవి.

అది అరవైతొమ్మిదో సంవత్సరం. తెలంగాణ కావాలని పట్నంలో పిల్లలు బళ్లొదిలి రోడ్ల మీదికొచ్చారు. కాల్పులు, కర్ఫ్యూలు, బందులు. ఇవాళ వచ్చిన బస్సు రేపు వస్తుందన్న నమ్మకం లేదు. మొయినాబాద్ బడి షెడ్డులో ఏటా ఎండాకాలం ఒక కండ్ల డాక్టరు మకాం వేసి ఆపరేషన్లు చేసేవాడు. ముందటేడు అత్తమ్మను చూసి, కన్ను ఎర్రబడి పుసులు కడుతోంది, అది మానాక వచ్చే ఏడు తప్పకుండా తీసుకురండి, అదీ దాటితే ఈ కన్ను కూడా దక్కదని చెప్పాడు. ఆ వచ్చే ఏడు కాస్తా ఈ ఏడయింది. గొడవల్లో ఎండాకాలమంతా డాక్టరు రాలేదు. తొలకరి మిరుగు వాన పడ్డాక కబురొచ్చింది. వచ్చాడు, శనివారంతో ఆపరేషన్లు ఆపేస్తాడు అని.

బస్సులు లేవు. బండి కడదామంటే, మిరుగు వాన పడ్డ మర్నాడు తోడబుట్టినవాడు అడిగినా ఎవరూ ఎద్దులివ్వరు. ఇక మిగిలింది నా సవతి. దానికీ ఒక రోగం. ట్యాంకు నుంచి ఇంజనుకు పెట్రోలు పోయే గొట్టం తుప్పు పట్టి కారుతోంది. మా ఆయన రబ్బరు ట్యూబు ముక్క తొడిగి చూశాడు. అది పెట్రోలుకు ఉబ్బి ఊడిపోయింది.

"కాలే ఇంజను మీద పెట్రోలు చుక్క పడితే అవ్వతోని పాటు అందరం పోతం" అన్నాడు.

పాత గొట్టం విప్పి చంకన పెట్టుకుని, కూరగాయల లారీ ఎక్కి పట్నం పోయాడు. అఫ్జల్‌గంజ్‌లో లతీఫ్ సాబ్ అని ఒక ముసలాయన ఉండేవాడు. పాత గొట్టాన్ని ముందు పెట్టుకుని, అవే వంపులతో కొత్త రాగి గొట్టాన్ని వంచి, కొసలకు నట్లు కూడా ఎక్కించి ఇచ్చేవాడు. ఇంటికి తెచ్చి జీపు కింద బిగించుకోవడమే. వంచుతుండగానే పాతది మూడు ముక్కలై, అక్కడే పాత ఇనుములోకి పోయింది.

తిరిగొచ్చేటప్పుడు లారీలూ బందయ్యాయి. మా ఆయన ఒక ఊరేగింపులో చిక్కుకున్నాడు. ఎవరి భుజం తగిలినా వంపు మారిపోతుందని గొట్టాన్ని రెండు చేతులతో నెత్తిమీదికెత్తి పట్టుకున్నాడట. పిల్లలు అది జెండా కర్ర అనుకుని, దాని కొసకు ఒక రంగు గుడ్డ పీలిక కట్టి, ఈయన్ను ముందు వరసలోకి తోశారు. మెహదీపట్నం దాకా అట్లాగే జై తెలంగాణ అంటూ నడిచాడు.

"అరవకుంటే కొడుతరనా?" అని అడిగాను.

"ఎవరు కొడుతరే? మనసారనే అన్న" అన్నాడు.

అక్కడినుంచి ఒక పాలాయన సైకిల్ వెనక గండిపేట దాకా, ఆ తర్వాత నడక. శుక్రవారం పొద్దున ఇంటికొచ్చి గొట్టాన్ని అరుగు మీద గోడకు ఆనించాడు. ఇంత గంజి తాగి, పిండిగిర్ని మల్లప్ప దాచి ఉంచుతానన్న పెట్రోలు కోసం పోయాడు. నేను విత్తనం పనికి చేనుకు పోయాను. ఇంట్లో అత్తమ్మ ఒక్కతే ఉంది.

మధ్యాహ్నం దాటాక వచ్చేసరికి అత్తమ్మ వాకిట్లో బండ ముందు కూర్చుని ఉంది. ఆమె ఒళ్లో రాగి గొట్టం. వెదురు కర్రలాగా, ఆ చివరి నుంచి ఈ చివరి దాకా సాపుగా ఉంది.

"వచ్చినవా వసంతా? ఇగో, జర చూడు. పాపం, కొడుకు గంత దూరం మోసుకొచ్చిండు. గుంపుల బడి గొట్టమంత వంకరలు పోయింది. ఒక్కకాడ గాదు, ఏడెనిమిది తావుల. ఇప్పటిదాంక కూసుంటె సక్కగైంది. వానికి చెప్పకు. వచ్చి చూసి సంబురపడుతడు."

ఆమె బొటనవేలి తోలు లేచి ఎర్రగా ఉంది. నేను కొంగు చింపి ఆ వేలికి కట్టబోయాను.

అంతలోనే మా ఆయన పెట్రోలు డబ్బా పట్టుకుని వచ్చాడు. గొట్టాన్ని చూశాడు, తల్లిని చూశాడు, డబ్బా కింద పెట్టి నేలమీద కూలబడ్డాడు. అరిచి ఉంటే నాకింత గుండె తరుక్కుపోయేది కాదు.

"మంచిగ చేసిన్నా బిడ్డా?"

"మంచిగ చేసినవవ్వా" అన్నాడు.

కండ్లు కనబడని మనిషికి గొంతు బాగా కనబడుతుంది. "గట్లంటవేంది? ఏమైంది? వసంతా, నువ్వన్న చెప్పు" అని నావైపు తిరిగింది. దాచి ఏం లాభం? చెప్పాను. ఆ వంకరలు గుంపులో పడి వచ్చినవి కావనీ, జీపు కింద ఎక్కడ ఎట్లా తిరగాలో అట్లా లతీఫ్ సాబ్ వంచి పంపినవనీ.

అత్తమ్మ గొట్టాన్ని పసిపిల్లను పడుకోబెట్టినట్టు పక్కన పెట్టింది. "నా కండ్ల కోసం తెస్తె, నా కండ్లే దాన్ని ఆగం చేసినై. దేవునికే ఇష్టం లేదు. నేనెక్కడికి రాను" అని లోపలికి పోయి, గోడవైపు తిరిగి పడుకుంది.

మా ఆయన గొట్టాన్ని వెలుగులో తిప్పి తిప్పి చూశాడు. వంగిన చోటల్లా రాగి కాస్త మెరుస్తోంది. "ఎక్కడెక్కడ వంచిండో ఎరుకైతున్నది. ఎటు వంచిండో, ఎంత వంచిండో తెల్వది. జీపు కింద చూసి వంచుదమంటె, ఇంజను అడ్డమై ఆ దారంత కనబడది. రాగి ఒకసారి వంగి సక్కగైతే బిరుసెక్కుతది. కాల్చి మెత్తగ చేసి వంచొచ్చు. గానీ ఒకటి తప్పు వంచి మళ్ల తిప్పిన్ననుకో, పగులుతది. ఇంకో గొట్టం లేదు వసంతా."

నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో నాకే తెలియదు. ఎటు వంగిందో తెలియకపోవడమేమిటి? పొద్దంతా దాన్ని ఒళ్లో పెట్టుకుని ఒక్కో వంపునూ విప్పిన మనిషి లోపల పడుకుని ఉండగా?

పోయి అత్తమ్మ రెక్క పట్టుకున్నాను. "చెడగొట్టింది నువ్వే, బాగుచేసేది నువ్వే. లే అత్తమ్మా. మొదటి వంకర ఎటుండె?"

"నాకేం యాదికున్నదే" అన్నది గోడకేసి. కానీ ఆ మాట పూర్తి కాకముందే ఆమె కుడిచెయ్యి గాలిలో కిందికి వంగి, మళ్లీ పక్కకు తిరిగింది. నేను ఆ చెయ్యిని అట్లాగే పట్టుకుని వాకిట్లోకి నడిపించుకొచ్చాను.

మా ఆయన ఎండిన ఇసుక గొట్టం నిండా పోసి, నొక్కుపడకుండా రెండు కొసలకూ కట్టె బిరడాలు కొట్టాడు. నేను బొగ్గులు రాజేశాను. మెరిసే చోటల్లా ఎర్రగా కాల్చి, చల్లార్చి, రోకలికి ఆనించి వంచడం మొదలుపెట్టాడు. గుడ్డ పీలిక ఉన్న కొస ఇంజనుదని ఆయనకు గుర్తు. రెండో కొస ట్యాంకుది. అక్కడినుంచి అత్తమ్మ వేళ్లతో జానలు కొలుస్తూ చెప్పింది.

"ఇది నేల దిక్కు. ఇంక జర. ఇంకింత. ఆఁ, ఆపు." వంచిన ప్రతిసారీ తడిమి చూసి తల ఊపేది. "గీడ రెండు వంకరలు పక్కపక్కన. ఒకటి గోడ దిక్కు, ఒకటి మీదికి. మస్తు సతాయించినై. మోకాళ్ల నడుమ పెట్టుకొని గుంజిన."

అన్నీ అట్లాగే కుదిరాయి, చివరిదాని దగ్గర పేచీ వచ్చింది. ఇంజను పక్కన గొట్టం కిందికి తిరగాలని మా ఆయన, మీదికని అత్తమ్మ.

"ఇరవై ఏండ్ల సంది తోలుతున్ననే అవ్వా."

"నువ్వు తోలినవు. నేను గుంజిన" అని, తోలు లేచిన బొటనవేలు ఆయన మొహం ముందు పెట్టింది. "ఇది లేచింది గీ వంకర కాన్నే. పైనుంచి కిందికి నొక్కుతుంటె లేచింది. అంటె అది మీదికే ఉండె."

మా ఆయన ఆ వేలిని చూశాడు. కండ్లు తుడుచుకుని గొట్టాన్ని మీదికే వంచాడు.

ఇసుకంతా రాల్చి, ఊది, కాస్త పెట్రోలుతో కడిగి, దాన్ని తీసుకుని జీపు కిందికి దూరాడు. నేను ఇవతలి కొస పట్టుకున్నాను. ఒక చోట చిన్నగా మొరాయించింది, చేత్తో అదిమితే ఒదిగింది. ట్యాంకు దగ్గర నట్టు పట్టింది. ఇంజను దగ్గరి కొస, మీదికి తిరిగి, పోయి సరిగ్గా పంపు నోటి ముందు ఆగింది. పానా లేకుండా వేళ్లతోనే నట్టు నాలుగు చుట్లు తిరిగింది. జీపు కిందినుంచి నవ్వు వినిపించింది. పొద్దుగూకే వేళకు పెట్రోలు పోసి ఇంజను స్టార్ట్ చేశాడు. అత్తమ్మ బండి చుట్టూ తిరిగి వాసన చూసింది. "వస్తలేదు" అన్నది. చుక్క కూడా కారడం లేదని మేము ఆ మాటతోనే నమ్మాం.

తెల్లవారి బయల్దేరాం. మొయినాబాద్ ఇవతల రోడ్డుకు అడ్డంగా రాళ్లు పేర్చి పిల్లలు నిలబడ్డారు. "బందుల బండేందన్నా?" అన్నారు. మా ఆయన బానెట్ ఎత్తి, గొట్టానికి ఇంకా ఉన్న రంగు పీలిక చూపించాడు. అత్తమ్మ వెనకనుంచి, "బిడ్డా, మీరు తెచ్చే తెలంగాణ చూడనీకే కండ్లు చేయించుకుంటున్న. జల్ది పోనియ్యి" అన్నది. వాళ్లే రాళ్లు పక్కకు జరిపారు.

ఆపరేషన్ అయింది. తలకు అటూ ఇటూ ఇసుక సంచులు పెట్టి కదలకుండా పడుకోబెట్టారు. అన్ని రోజులూ నేను మంచం పక్కన, మా ఆయన షెడ్డు బయట నా సవతి పక్కన.

కట్టు విప్పి, సీసా అడుగులంత మందం అద్దాలు పెట్టినరోజు, అత్తమ్మ ముందు కొడుకును చూసింది. "నెత్తి గింత నెరిసిందేందిరా కొడుకా" అని ఏడ్చింది. తర్వాత నావైపు తిరిగింది. అప్పుడు చూసుకున్నాను, నా చెయ్యి ఎప్పుడు లేచిందో, నోటికి అడ్డంగా ఉంది. ఆమె ముందు ఎన్నడూ పెట్టుకోని చెయ్యి. ఈ ఆపరేషన్ కోసం అంత కొట్లాడినదాన్ని, ఈ ఒక్క గడియకు లోలోపల భయపడుతూనే ఉన్నానని అప్పుడే తెలిసింది.

"చెయ్యి తియ్యి వసంతా."

తీశాను. ఆమె అద్దాలు సర్దుకుని, నా మొహానికి మొహం ఆనించేంత దగ్గరికొచ్చి చూసింది. వేలు మెల్లగా నా పన్ను దాకా వచ్చింది. బొటనవేలే, ఇంకా తోలు సరిగ్గా రాలేదు. నేను వెనక్కి జరిగాను.

"భయపడకే. దీన్ని సక్కగ చెయ్యనులే" అన్నది. "ఒక్కసారి బుద్ధొచ్చింది. అది గక్కడ గట్లనే ఉండాలె."

నాకు ఏడుపొచ్చింది, దాని వెనకే నవ్వూ వచ్చింది. చెయ్యి అడ్డం పెట్టుకోకుండానే నవ్వాను.