చేతులు చూడని మేస్త్రి

తెలంగాణ సరిహద్దుకు అవతల ఉన్న మరైగూడలో మిరప ఏరడానికి జట్టు కట్టేటప్పుడు మేస్త్రి ఎవరి మొహమూ చూడదు, చేతులు చూస్తుంది. వేళ్లు కారానికి ఓర్చుకుంటాయా, తొడిమ ఊడకుండా కాయ తెంపగలవా అన్నదే ముఖ్యం. జట్టు మేస్త్రి బుల్లమ్మకైతే నడివయసు ఆడవాళ్లే ముద్దు. పడుచుపిల్లలు కబుర్లు ఎక్కువ చెప్పి కాయ తక్కువ ఏరుతారని వాళ్ల ముందే అనేస్తుంది. ఏటా చలికాలం చివర తల్లులూ కూతుళ్లూ తోడికోడళ్లూ కలిసి ట్రాలీ ఎక్కి తెలంగాణ చేలకు వెళ్లడం, పని అయ్యాక అందరూ కలిసే తిరిగి రావడం ఇక్కడ మామూలే. ఆ మామూలుతనం చాటునే ఆ ఏడు ఒక మాయదారి వ్యాపారం ఊళ్లోకి వచ్చింది.

బుల్లమ్మకు అనుమానం వచ్చింది సన్నే వల్ల. దోర్ల గిరిజనుల గూడెంలో ఉండే ఆయతికి సన్నే ఒక్కతే కూతురు. పదహారేళ్లది. తల్లితో పాటు జట్టులో రావలసిన పిల్ల ఈసారి రానందని తెలిసి, సంగతేమిటో కనుక్కుందామని బుల్లమ్మ వాళ్లింటికి వెళ్లింది. అక్కడ మంచం మీద ఒక కొత్త మనిషి కూర్చుని జావ తాగుతోంది. మంచి చీర, చేతికి గడియారం. పేరు దేవిశ్రీ.

"మా గట్టు చెల్లెలు అక్కా," అంది ఆయతి సంబరంగా. "మాలెక్కనే ఐదో గట్టంట. పట్నంలో కోల్డ్ స్టోరేజీల పని ఇప్పిస్తదంట."

దోర్లవాళ్లలో ఒకే గట్టు అంటే ఒకే వంశం. ఊరు ఏదైనా, ముందు ఎన్నడూ చూడకపోయినా, ఒకే గట్టువాళ్లు తోబుట్టువులే. తోబుట్టువును నిలదీసి అడగడం వాళ్లకు తప్పు. దేవిశ్రీ ఆ సంగతి బాగా తెలుసుకునే వచ్చింది.

"ఏం పని?" అంది బుల్లమ్మ.

"ఎండుకాయల్ల రంగుపోయిన తాలుకాయ ఏరుడు. నీడ పట్టున పని."

"అయితే ఆయతిని గూడ తీస్కపో. నా జట్టుల ఆమె చేతికి సాటి లేదు."

"పెద్దోళ్లు వద్దన్నరు సేట్లు."

"తాలు ఏరనీకి కళ్లు గావాలె గానీ వయసుతోటి ఏం పని?"

దేవిశ్రీ నవ్వి, సన్నే గడ్డం పట్టుకుని మొహం వెలుగులోకి తిప్పింది. "ఇట్లాంటి పిల్లకు ఎండెందుకు అక్కా? రేపు పొద్దున బండి మాట్లాడిన, పోతున్నం."

ఆ పిల్ల చేతుల వంక మాత్రం ఒక్కసారైనా చూడలేదు.

అప్పుడే వాకిట్లో బొలేరో ఆగింది. నడిపేది బుల్లమ్మ తమ్ముడు నాగార్జున. దేవిశ్రీ ఫోనులో మాట్లాడుకున్న బండి అదే, కిరాయి ఖాయం చేసుకోవడానికి వచ్చాడు. లోపలికి తొంగి దేవిశ్రీని చూశాడు. ఊళ్లో ఎవరు కనిపించినా పలకరించకుండా కదలని మనిషి, మాట్లాడకుండా బండి తిప్పుకుని వెళ్లిపోయాడు.

బుల్లమ్మ వెనకే ఇంటికి వచ్చేసరికి అతను బండి కడుగుతున్నాడు.

"రేపటి కిరాయి నాకొద్దు. ఆమెకు చెప్పు అక్కా."

"ఎప్పటిసంది చేదైంది నీకు కిరాయి? ఆమె నీకెట్ల ఎరుక?"

గుచ్చి గుచ్చి అడిగితే చెప్పాడు. "పట్నంల ఒక లాడ్జి ఉంది. లాడ్జికి పిల్లల్ని తెచ్చేది ఈమెనే."

"లాడ్జిల నీకేం పని?"

కడిగిన టైరునే మళ్లీ కడగసాగాడు నాగార్జున. బుల్లమ్మ గుమ్మంలో కూలబడింది. చిన్నప్పుడు తను ఎత్తుకుని తిరిగిన తమ్ముడు. కోపం కన్నా ముందు ఏడుపు వచ్చింది ఆమెకు.

"నేనేం ఎవరినీ ఎత్తుకపోలే అక్కా. పైసలిచ్చిన. నా బండి పెట్టనని చెప్తున్న గద, అయిపాయె."

"నీ బండి గాకుంటే ఇంకోటి దొరుకుతది. పిల్ల పోతది. వచ్చి ఆయతికి చెప్పు."

"వినీతకు తెలిస్తే నా సంసారం ఉంటదా?" అన్నాడు భార్యను తలుచుకుని.

బుల్లమ్మ ఫోను తీసి అతని ఎదుటే పోలీసులకు చేసింది.

మర్నాడు పొద్దున సన్నే సంచి సర్దుకుని సిద్ధంగా ఉంది. దేవిశ్రీ ఇంకో బండి తెప్పించింది. బుల్లమ్మ దారికి అడ్డం నిలబడి ఎంత చెప్పినా ఆయతి చెవికెక్కలేదు. "గట్టు చెల్లెలు నన్ను మోసం చేస్తదా? నీ జట్టుల మనిషి తగ్గుతదనే గద నీ బాధ," అనేసింది. ఇన్నేళ్లుగా పక్కపక్క సాళ్లలో పనిచేసిన మనిషి అంత మాట అన్నా బుల్లమ్మ దారి వదల్లేదు.

గొడవకు పోగైన గుంపు వెనక నుంచి నాగార్జున ముందుకు వచ్చాడు. "మా అక్క అబద్ధం చెప్తలేదు ఆయతక్కా. ఈ మనిషిని నేను చూసిన."

దేవిశ్రీ బెదరలేదు. "ఏడ చూసినవో చెప్పు. ఆడికి నువ్వు ఎందుకొచ్చినవో గూడ చెప్పు. మీ ఆమె ఈ గుంపులనే ఉంటది గద, ఆమె గూడ వింటది."

మగవాడు పరువుకు జంకి నోరు మూసుకుంటాడన్న ధీమా అది. ఆ వ్యాపారం అంతా ఆ ధీమా మీదే నడుస్తోంది. నాగార్జున భార్య వినీత వైపు చూశాడు. తల వంచుకున్నాడు. ఆపైన లాడ్జి పేరు, తను వెళ్లిన సంగతి, అక్కడ గదుల్లో పెట్టిన పిల్లల సంగతి అందరికీ వినబడేలా చెప్పేశాడు. వినీత కొంగు నోట్లో కుక్కుకుని ఇంటికి వెళ్లిపోయింది. సన్నే చేతిలో సంచిని ఆయతి లాక్కుంది. బండి వైపు జారుకోబోయిన దేవిశ్రీని జట్టు ఆడవాళ్లు చుట్టుముట్టి, పోలీసు జీపు వచ్చేదాకా కదలనివ్వలేదు.

గుంపు పలచబడ్డాక సన్నే నాగార్జున దగ్గరికి వచ్చింది.

"మామా, నువ్వు పోయినప్పుడు ఆడ ఉన్న పిల్ల పేరేంది?"

"తెల్వదు."

"ఏ ఊరంట?"

"అడగలే."

"ఏడ్చిందా?"

నాగార్జున "ఏడ్చింది. టీవీ సౌండు పెంచిన," అన్నాడు.

బుల్లమ్మ అతని భుజం పట్టుకుని కుదిపింది. "సన్నే దక్కింది సరే. ఆ పిల్లను గూడ ఏ తల్లి దగ్గరనుంచో ఇట్లనే తెచ్చి ఉంటరు. ఈ దేవిశ్రీ జైలుకు పోతే ఇంకో దేవిశ్రీ వస్తది. నీలాంటోడు పైసలు పట్టుకొని తలుపు కాడ నిలబడుతున్నడు గనకనే వస్తది. పో, ఆ తలుపు ఏదో పోలీసులకు చూపియ్యి."

పోలీసులు పిలవకుండానే నాగార్జున జీపు ఎక్కాడు. వినీత తలుపు ఆ రోజు అతనికి తెరుచుకుంటుందో లేదో మనం చెప్పలేం. ఒకటి మాత్రం చెప్పగలం. ఆడపిల్లను కొనే మగవాడు తాను ఎవరినీ ఎత్తుకు రాలేదని ఎంత అనుకున్నా, ఆ పిల్లను ఇంట్లోంచి లాక్కొచ్చిన చేతుల్లో ఒకటి అతనిదే.