ఆయన నిద్ర చెడకూడదని

మధ్యాహ్నం మూడు దాటిందంటే ఆ వీధిలో బుల్లియ్యగారి ఇంటి ముందు ఎవరూ గొంతెత్తి మాట్లాడేవారు కాదు. కూరగాయల బండివాడు ఆ గుమ్మం దాటేదాకా కేక మింగేసేవాడు. బడి నుంచి వచ్చిన కూతురు హారతి గేటు గొళ్లేన్ని రెండు చేతులతో పట్టుకుని చప్పుడు కాకుండా తీసేది. వంటింట్లో జగదాంబ గిన్నె దించాలన్నా కింద గుడ్డ పరిచి మరీ దించేది. చూసినవాళ్లు ఎంత పద్ధతైన సంసారమో అని మెచ్చుకునేవారు. అది భార్యాబిడ్డలు తనకిచ్చే గౌరవమని బుల్లియ్య కూడా అనుకునేవాడు. ఆ నిశ్శబ్దం వెనక ఏముందో ఆయనకు చాలాకాలం తెలియలేదు. తెలిసిన రోజున తలెత్తుకోలేకపోయాడు.

ఇది పంతొమ్మిది వందల తొంభై ఎనిమిది నాటి మాట. తణుకుకు కొద్ది దూరంలో ఉన్న ఒక చక్కెర ఫ్యాక్టరీలో బుల్లియ్య ఫిట్టరు. నవంబరులో చెరుకు ఆడడం మొదలుపెడితే ఏప్రిల్ దాకా మిల్లు రాత్రింబవళ్లు తిరుగుతూనే ఉంటుంది. రోడ్డు పొడుగునా చెరుకు ట్రాక్టర్లు బారులు తీరి ఉంటాయి. ఊరంతా చెరుకు మడ్డి వాసన. ఆ ఆరు నెలలూ బుల్లియ్య రాత్రి పదింటికి డ్యూటీ ఎక్కి, తెల్లవారి ఆరింటికి సైరన్ కూసినా దిగకుండా ఇంకో షిఫ్టు కూడా చేసి, మధ్యాహ్నం రెండింటికి ఇల్లు చేరేవాడు. అన్నం తిని పడుకుంటే మళ్లీ రాత్రి తొమ్మిదింటికి లేవడమే. ఎనిమిది సీజన్లుగా అదే వరస.

మొదట్లో ఆయనకు నిజంగానే అవసరం ఉండేది. గాలివానకు తాటాకిల్లు పడిపోతే డాబా వేసుకోవాలనుకున్నాడు. రెండు సీజన్ల ఓవర్‌టైమ్‌తో డాబా లేచింది. ఇక చాలంది జగదాంబ. "ఈ ఒక్క సీజనూ చూద్దాంలే" అన్నాడు. ఆ మరుసటేడు కూడా అదే మాట అన్నాడు. తరవాత ఆమె అడగడం మానేసింది.

ఎందుకు మానలేకపోయాడో అప్పుడడిగితే డబ్బనే చెప్పేవాడు. కానీ దానికంటే ఆయన్ని పట్టుకున్నది ఒక మాట. మిల్లులో ఏ రోలరు పట్టేసినా, ఏ గొలుసు తెగినా షిఫ్టు ఇంజినీరు దొరబాబు పరుగెత్తుకొచ్చి, "బుల్లియ్యగారూ, మీరుండబట్టి సరిపోయిందండి. మీరు లేకపోతే మిల్లు ఆగిపోద్ది" అనేవాడు. ఆ మాట వింటే పదహారు గంటల అలసటా ఎటు పోయేదో తెలిసేది కాదు. ఇంట్లో ఆయనకలాంటి మాట అనేవాళ్లెవరూ లేరు. అనడానికి ఆయన మెలకువగా ఉంటే కదా!

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. ఫ్యాను ఆగేసరికి బుల్లియ్యకు మెలకువ వచ్చింది. గొంతు తడారిపోతోంది. మంచినీళ్లకు జగదాంబను పిలిచాడు. పలకలేదు. వంటింట్లో లేదు, పెరట్లో లేదు. బయటికొచ్చి చూస్తే హారతి అరుగు మీద కూర్చుని లెక్కలు చేసుకుంటోంది. తండ్రిని చూసి ఉలిక్కిపడి లేచి నిలబడింది.

"అమ్మేది?"

"పెద్దింట్లమ్మ మామ్మగారింటికెళ్లింది నాన్నా. వచ్చేస్తుంది."

"ఈ వేళప్పుడు అక్కడేం పని?"

పిల్ల పుస్తకం మూసి గుండెకు హత్తుకుంది. బుల్లియ్య రెట్టించి అడిగాడు. అప్పుడు హారతి నేలచూపులు చూస్తూ, "దగ్గడానికి నాన్నా" అంది.

ఆయనకు అర్థం కాలేదు. "ఏంటీ?"

"అమ్మకి దగ్గొస్తుంది కదా. ఇక్కడ దగ్గితే నీకు మెలకువొచ్చేస్తుందని అక్కడికెళ్లి దగ్గుతుంది. దగ్గు దసరా సెలవుల్లో మొదలైంది, సీజను పెట్టిన దగ్గర్నుంచీ ఇలాగే వెళుతోంది."

దసరా అంటే అయిదు నెలలు. బుల్లియ్య చెప్పుల్లేకుండానే పక్కింటికి నడిచాడు. పెద్దింట్లమ్మకు డెబ్బయ్యేళ్లుంటాయి. ఒంటరి మనిషి. ఆవిడ పశువుల పాక వెనక, పిడకల గోడ పక్కన జగదాంబ గొంతుక్కూర్చుని ఉంది. నోటికి చీర కొంగు కుక్కుకుని దగ్గుతోంది. దగ్గు దగ్గుకీ భుజాల ఎముకలు రవికెలోంచి పైకి పొడుచుకొస్తున్నాయి. ముసలావిడ వీపు రాస్తోంది. తన భార్య అంతలా చిక్కిపోయిందని బుల్లియ్య అప్పుడే చూశాడు. రోజూ ఆ చేత్తోనే అన్నం పెట్టించుకు తింటున్నాడు. ఆ చేతిని మాత్రం చూడలేదు.

దగ్గు ఆగాక జగదాంబ తలెత్తింది. భర్తను చూసి కంగారుగా లేవబోయింది.

"అయ్యో, లేపేశానా అండీ? ఇక్కడికి కూడా వినపడిందా?"

బుల్లియ్య ఆమె చెయ్యి పట్టుకుని లేపాడు. "రేపు తణుకు తీసుకెళ్లి డాక్టరు గారికి చూపిస్తాను" అన్నాడు.

నిజంగా సిగ్గుపడవలసిన సంగతి దీని తరవాతే జరిగింది. మర్నాడు పొద్దున్న రెండో షిఫ్టు వదిలేసి ఇంటికి రావాలనే అనుకున్నాడు. ఆరింటికి సంచీ కూడా భుజాన వేసుకున్నాడు. ఇంతలో మిల్లు బేరింగు వేడెక్కిందని దొరబాబు వచ్చాడు. "ఈ ఒక్క పూటండి, మీరు తప్ప ఇంకెవరండీ?" అన్నాడు. సంచీ మళ్లీ కొక్కేనికి తగిలించాడు. ఆ మరుసటి రోజు ఒక ఫిట్టరు రాలేదు. ఆ పై రోజు చెరుకు ఎక్కువొచ్చింది. జగదాంబ ఒక్క రోజూ గుర్తు చేయలేదు. తయారై, జడ వేసుకుని, పెట్టెలోంచి తీసిన చీర కట్టుకుని కూర్చునేది. రెండింటికి ఆయన వచ్చి మంచమెక్కాక మళ్లీ పాతచీర కట్టుకునేది. ఇలా నాలుగు రోజులు.

అయిదో రోజు పొద్దున్న పదకొండింటికి ఆమె నోటి వెంట రక్తం పడింది. పెద్దింట్లమ్మ ఎవరికోసమూ ఆగలేదు. జగదాంబను బస్సెక్కించి తణుకు తీసుకెళ్లిపోయింది. ఫ్యాక్టరీ గేటు దగ్గర వాచ్‌మన్‌కి కబురు చెప్పమని హారతిని పంపింది.

బుల్లియ్య ఆసుపత్రికి చేరేటప్పటికి ఒంటి మీద గ్రీజు మరకల చొక్కాయే ఉంది. డాక్టరమ్మ ఎక్స్‌రే ఫిల్మును వెలుగుకు పట్టి చూస్తోంది.

"మీరేమవుతారండీ?"

"భర్తనండి."

"మంచిది. దగ్గు ఎప్పట్నుంచి?"

"దసరా నుంచండి" అన్నాడు. అది కూడా కూతురు చెప్పిన మాటే.

"సాయంత్రాలు జ్వరం వస్తోందా?"

బుల్లియ్య పెద్దింట్లమ్మ వంక చూశాడు.

"రాత్రిళ్లు చెమటలు పట్టేవా? అన్నం ఎంత తింటోంది? ఇంతకు ముందు ఏమన్నా మందులు వాడారా?"

ఒక్కదానికీ జవాబు తెలియలేదు. మిల్లులో ఏ బేరింగు ఏ గంటకు వేడెక్కిందో ఆయన చూడకుండా చెప్పగలడు. డాక్టరమ్మ ఒక్క క్షణం ఆయన చొక్కా వంక చూసి, కుర్చీ పెద్దింట్లమ్మ వైపు తిప్పుకుంది. మందలించలేదు. ఆ కుర్చీ తిరగడమే బుల్లియ్యకు చెంపదెబ్బలా తగిలింది.

ముసలావిడ అన్నీ చెప్పింది. "సంజెవేళకి ఒళ్లు కాలిపోద్దండమ్మా. పిడికెడు మెతుకులు తినదు. ఆర్‌ఎంపీ దగ్గర రెండుసార్లు సూదులేయించాను. ఆయనకి చెప్పవే అంటే, సీజను అయిపోనీ అత్తయ్యా, అలిసిపోయొస్తున్నారు అనేదండి."

టీబీ అని తేలింది. "ఆర్నెల్లు ఒక్క పూట మానకుండా మందులు వాడితే జబ్బు నయమవుతుంది" అంది డాక్టరమ్మ. "కాకపోతే కుడి ఊపిరితిత్తి పైభాగం పాడైపోయింది. అది మళ్లీ రాదు. ఇకమీదట మెట్లెక్కినా ఆయాసం వస్తుంది. మూణ్ణెల్ల ముందు తీసుకొచ్చుంటే ఇంత నష్టం జరిగేది కాదు. పాపకి కూడా పరీక్ష చేయించండి."

హారతికి ఏమీ లేదని తెలిసేదాకా ఉన్న రెండు రోజులూ బుల్లియ్య ఎలా గడిపాడో ఆయనకే తెలియాలి.

పదిహేను రోజులు సెలవు పెట్టాడు. ఇంత సీజన్లో ఎలాగోనని లోలోపల బెంగపడుతూనే పెట్టాడు. పొద్దున్నే జగదాంబకు మాత్రలు ఇచ్చేవాడు. గుడ్డు ఉడికించేవాడు. ఉప్పు డబ్బా ఎక్కడుందో కూతుర్ని అడిగేవాడు. పదోనాడు మందులకని వెళుతూ ఫ్యాక్టరీ గేటు ముందు సైకిలాపాడు. గొట్టంలోంచి పొగ వస్తూనే ఉంది. ట్రాక్టర్లు లోపలికి వెళుతూనే ఉన్నాయి. దొరబాబు ఎదురొచ్చి ఆప్యాయంగా పలకరించాడు.

"మీ ఆవిడగారికెలా ఉందండీ? ఇక్కడ మీరేం ఇదవకండి. జయంత్ అని కొత్త ఫిట్టరొచ్చాడు. కుర్రాడు గట్టివాడేనండి. ఒక్క గంట కూడా మిల్లు ఆగలేదు."

ధైర్యం చెప్పడానికే అన్నాడు ఆ మాట. బుల్లియ్యకు మొదట అవమానంగా తోచింది. సైకిలు తొక్కుతుంటే ఆ అవమానం కాస్తా కరిగి, దాని స్థానంలో అంతకంటే బరువైనదొకటి వచ్చి కూర్చుంది. ఎనిమిదేళ్లుగా తాను లేకపోతే ఆగిపోతుందనుకున్నది ఒక్క గంటైనా ఆగలేదు. ఆగిపోయినది ఇంట్లో సంసారమే.

సెలవు అయ్యాక బుల్లియ్య ఒక్క షిఫ్టే చేసి ఇంటికి వచ్చేసేవాడు. ఏప్రిల్ నెలాఖరున సీజను ముగిసింది. క్యాంటీను షెడ్డులో సభ పెట్టారు. ఆ ఏడు ఎక్కువ డ్యూటీలు చేసినవాళ్లను సత్కరించడం అక్కడ ఆనవాయితీ. సెలవు పెట్టినా లెక్కలో బుల్లియ్యే మొదట ఉన్నాడు. శాలువా కప్పారు. కొత్తగా చేరిన కుర్రవాళ్లకు నాలుగు మాటలు చెప్పమన్నారు. ముందు వరసలో ఆడవాళ్లున్నారు. వాళ్ల మధ్య జగదాంబ పక్కన హారతి కూర్చుని ఉంది.

బుల్లియ్య ఎప్పుడూ మైకు ముందు నిలబడలేదు. 

"నా భార్య నాలుగు నెలలు పక్కింటికెళ్లి దగ్గిందండి" అన్నాడు.

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన ఆగలేదు.

"నవ్వొచ్చే మాటేనండి. ఆవిడకి టీబీ. నా నిద్ర చెడుతుందని ఇంట్లో దగ్గలేదు. ఆ సంగతి వీధిలో అందరికీ తెలుసు. నాకు తెలీదు. తెలిశాక కూడా నాలుగు రోజులు డ్యూటీకే వచ్చాను. ఆవిడ కొత్తచీర కట్టుకుని నాలుగు రోజులు ఎదురుచూసింది. ఇది మీ అందరి ముందూ చెప్పడానికి సిగ్గుగా ఉంది. చెప్పకుండా ఈ శాలువా కప్పుకోవడం ఇంకా సిగ్గండి."

 జగదాంబ కొంగు కళ్లకు అడ్డం పెట్టుకుంది. దొరబాబు తలదించుకున్నాడు.

"ఓవర్‌టైమ్ చెయ్యొద్దని నేను చెప్పనండి. ఇల్లు కట్టుకోవాలి, పిల్లల్ని చదివించుకోవాలి. నాకూ రెండేళ్లు అవసరమైంది. మిగతా ఆరేళ్లూ నన్నెవరూ రమ్మని కట్టెయ్యలేదు. ఇక్కడ నన్ను గొప్పవాణ్ణి చేసి పిలిచేవారు, ఆ పిలుపుకి అలవాటు పడ్డాను. ఇంట్లో నోరెత్తకుండా చేసింది నేనే. నా కూతురు గేటు చప్పుడు కాకుండా తియ్యడం నేర్చుకుంటే మంచి పిల్లనుకున్నాను. ఇప్పుడు ఇంట్లో ఉంటున్నా కూడా, అది నాతో మాట్లాడాలంటే ముందు నేను మేలుకున్నానో లేదో తొంగి చూస్తుందండి."

 శాలువా తీసి మడిచి బల్ల మీద పెట్టాడు. జయంత్ ఎక్కడున్నాడో వెతికి, అతని వంక చూస్తూ ముగించాడు.

"అబ్బాయ్, వచ్చే సీజన్లో నిన్ను కూడా పొగుడుతారు. నీ అవసరం ఎంతో అంతవరకే చెయ్యి. సైరన్ కూశాక ఇంటికెళ్లు, వెళ్లి మేలుకుని ఉండు. ఫ్యాక్టరీలో నా చోట్లోకి పదిరోజులు తిరక్కుండా నువ్వొచ్చావు. ఇంట్లో నా చోటు ఎనిమిదేళ్లు ఖాళీగా ఉంది, అందులోకి రావడానికి ఇంకెవరూ లేరు."