రసమట్టం మీద నిలబెట్టిన బండి

మా మనవడు హరిబాబుకి వరినాట్ల యంత్రం ఉంది. దాన్ని మోసే రెండు చక్రాల ట్రాలీ ఉంది. ట్రాలీని లాగే పికప్పు బండీ ఉంది. లేనిదల్లా ఒకరి మాట వినే చెవి. అది వాళ్ళ తాతయ్యకీ లేదు కాబట్టి వాడినొక్కడినే అని ఏం లాభం?

మాది రాయచూరు జిల్లాలో తుంగభద్ర కాలువ కింద ఒక క్యాంపు. కోస్తా నుంచి వచ్చినవాళ్ళ ఊళ్ళను ఇక్కడ క్యాంపులనే అంటారు, అరవై ఏళ్ళయినా ఇంకా గుడారాలు పీక్కుని వెళ్ళిపోతామేమో అన్నట్టు. నేను పెళ్ళై తణుకు పక్కనుంచి వచ్చేటప్పటికి ఇదంతా మిట్టపల్లాల నల్లరేగడి. మావాళ్ళు ఎడ్లకు చెక్కలు కట్టి, మట్టి లాగించి లాగించి మడులు చేశారు. అప్పుడు పట్టుకుంది మా మగవాళ్ళకి మట్టం పిచ్చి. మడిలో నీళ్ళు సమంగా నిలిస్తే లోకమంతా సవ్యంగా ఉన్నట్టే వాళ్ళకి. గోడ మీద పెళ్ళి ఫోటో అంగుళం ఒరిగితే అన్నం మధ్యలో లేచి సరిచేస్తారు. ఆ ఫోటోలో పక్కన నిలబడ్డ ఆవిడ ఏం చెబుతోందో మాత్రం వినరు.

అలాంటి వంశంలో పుట్టినవాడి బండి, ట్రాలీ తగిలించగానే వెనక కుంగిపోయేది. ముక్కు పైకి లేచి, ముందు దీపాలు వేపకొమ్మలకేసి చూసేవి. స్టీరింగు చేతిలో తేలిపోతోందని వాడే భయపడేవాడు. భయమైతే ఓర్చుకునేవాడే కానీ, ఎదురింటి చెన్నకేశవరావుగారు అరుగు మీద నుంచి ఓ మాట విసిరారు.

"ఏరా హరీ, బండిని కూర్చోబెట్టి లాక్కెళుతున్నావేంట్రా? మోకాళ్ళ నొప్పులా దానికి?"

అంతే. రెండు పూటలు వాడికి అన్నం సయించలేదు. మూడో పూట ఫోనులో ఏదో చూసి గంతేశాడు. బండి కింద కమాను కట్టల దగ్గర పెట్టే రబ్బరు తిత్తులట. ఎయిర్ స్ప్రింగులంటారట. గాలి కొడితే కుంగిన వెనకభాగం పైకి లేస్తుందట.

రాయచూరు దారిలో మెకానిక్కు యమనూరప్ప షెడ్డులో బిగించారు. మోకాళ్ళ డాక్టరు దగ్గరికని నేనూ ఆ పూట బండిలోనే ఉన్నాను. నొప్పులు నావి, వైద్యం బండికి. యమనూరప్ప ఖాళీ బండిని చదును నేల మీద నిలిపి, నేల నుంచి వెనక చక్రం మీది రేకు అంచు దాకా ఓ వేపకట్టె కొలిచి కోశాడు.

"చూడు సావ్కారీ, గీ కట్టెనే నీకు లెక్క. బరువెయ్యి, ట్రాలీ తగిలియ్యి, సాఫుగున్న నేల మీద నిలపెట్టు, గీ కట్టె పట్టేదాంక హవా కొట్టు. బస్. ఎక్కువ కొట్టినవనుకో, నడుము లేస్తది. ఇంగోటి యాదిల పెట్టుకో. ఇవి బండిని లేపుతయి గానీ బండి బలాన్ని పెంచవు. మోసేది గా ఇరుసే, గా టైర్లే."

"తెలుసులేవయ్యా" అన్నాడు మావాడు. వాడికి తెలియనిదేదైనా ఉందని నాకు ఇంతవరకూ తెలియలేదు.

ఇంటికి రాగానే కట్టెను వాకిట్లోకి గిరాటు పెట్టాడు. నేను తీసుకుని అప్పడాల మీద కాకుల్ని తోలుకున్నాను. నడవటానికీ చేతికి సరిగ్గా సరిపోయింది. ఇంత చక్కటి కట్టె ఏ దుకాణంలోనూ దొరకదు.

ఆ వారమే గిల్లేసూగూరు నుంచి బసవలింగప్ప నాట్ల యంత్రం కోసం వచ్చాడు. కాలువ చిట్టచివర నాలుగెకరాల రైతు. పైవాళ్ళం అందరం తాగి మిగిల్చిన నీళ్ళే అతనికి. హరి ఇంట్లో లేకపోతే నా దగ్గరే కూర్చున్నాడు.

"అవ్వా, నా వంతు నీళ్ళు శుక్రారం నుంచి మూడు దినాలే. ఐతారం సాయంత్రం బంద్. మీరు ట్రేలల్ల పెంచిన నారు అప్పుడే ఇరవై దినాలాయె, ఇంగ ముదిరితే యంత్రం పట్టదు. పోయినేడు యంత్రం సోమారం వచ్చె, నీళ్ళు పోయె, మడి పశువులు మేసె. ఈసారి గిట్ల అయితే నేను కూలికి పోవుడే."

"శనివారం పొద్దున యంత్రం నీ గట్టు మీద ఉంటుంది. నేను చెబుతున్నా" అన్నాను. మాట ఇచ్చింది నేను, బండి తోలేది వాడు. చిక్కంతా అక్కడే.

శనివారం తెల్లవారింది. వాడు బండిని ముక్కు ఇంటివైపు పెట్టి వాకిట్లో నిలిపాడు. నారు ట్రేలు బండిలో పేర్చాడు. ట్రాలీ మీద యంత్రం ఎక్కించాడు. అంతటితో ఆగాడా? తిత్తులున్నాయి కదా అని ఇంకో నలభై ట్రేలు ట్రాలీ తోక మీద, యంత్రం వెనక కట్టాడు.

"ఒరేయ్, వెనక బరువు పెట్టకు. బండి వెనక్కి మొగ్గితే కాడి లేచి ఎడ్ల గొంతు నొక్కేది. మీ తాతయ్య గడ్డిమోపులు కూడా ముందుకే సర్దేవారు."

"నాయనమ్మా, ఇది ఎడ్లబండి కాదే!"

"ఎడ్లకైతే బుద్ధుంటుంది, కదలకుండా నిలబడతాయి" అన్నాను. విన్నాడా? మేస్త్రీ దగ్గర తెచ్చిన రసమట్టాన్ని బండి బాడీ అంచు మీద తాడుతో కట్టి, బుడగ నడిమికి వచ్చేదాకా తిత్తుల్లోకి గాలి కొడుతూనే ఉన్నాడు.

వాడి భార్య పావని గుమ్మంలోంచి అంది. "ఏవండీ, మన వాకిలి రోడ్డుకేసి వాటంగా ఉంది కదా?"

"నువ్వూరుకో. బుడగ అబద్ధం చెబుతుందా?"

బుడగ పాపం నిజమే చెప్పింది. వాననీళ్ళు రోడ్డుకి పోవాలని వాళ్ళ తాతయ్య ఆ వాకిలికి కావాలనే జానెడు వాటం పెట్టించారు. పల్లంలో ఉన్న వెనకచక్రాల మీద బండిని మట్టం చేశాడు వీడు. తీరా రోడ్డెక్కేసరికి ముక్కు నేలకేసి, నడుము ఆకాశానికేసి నిలబడింది.

చెన్నకేశవరావుగారు అరుగు మీద సిద్ధంగానే ఉన్నారు. "ఇవాళ సాష్టాంగమా? ఏ దేవుడికిరా?"

"కుళ్ళు" అన్నాడు మావాడు, పళ్ళ మధ్య నుంచి. నేను కట్టె పట్టుకుని ముందు సీట్లో ఎక్కాను. మాట ఇచ్చినదాన్ని కదా.

బండి నడుము లేచేసరికి ట్రాలీ ముక్కూ దాంతోపాటే లేచింది. కాలువ గట్టు రోడ్డు మీద రెండు గుంటలు దాటాక యంత్రం తాడు వదులై జానెడు వెనక్కి జరిగింది. అసలే తోకమీద ట్రేలు. ట్రాలీ అటూ ఇటూ ఊగటం మొదలెట్టింది. ఊపు బండికీ పాకింది.

"మెల్లగా ఆపరా!"

వాడు బ్రేకు గట్టిగా తొక్కాడు. ట్రాలీ ఓ ఊపు ఊపి, ఒక చక్రం పిల్లకాలువలో దింపింది. తోకమీది ట్రేలన్నీ నీళ్ళలో పడ్డాయి. మాకు దెబ్బలు తగల్లేదు. వాడి మొహం మాత్రం చూడలేకపోయాను. అందుకని రెండుసార్లే చూశాను.

అక్కడికి బసవలింగప్ప మడి రెండు మైళ్ళు. ఎవరో చెప్పినట్టున్నారు, బైకు మీద వచ్చాడు. అరుస్తాడనుకున్నాను. బండి చుట్టూ తిరిగి, బాడీ అంచు మీద ఇంకా తాడుతో కట్టి ఉన్న రసమట్టాన్ని చూశాడు.

"సావుకారీ, నీ బుడగ ఏడున్నా సరే. నా నీళ్ళు రేపు సాయంత్రం దాంకనే ఉంటయి" అన్నాడు.

హరిబాబు ఫోను తీశాడు, యమనూరప్పకి. అటునుంచి పెద్దగా వినబడింది. "హవా తియ్యి! గా కట్టె ఏడుంది?"

వాడు నావైపు చూశాడు. నేను కట్టె మీద రెండు చేతులూ పెట్టుకుని నిలబడి ఉన్నాను.

"నాయనమ్మా, అదేనా?"

"కాకుల్ని తోలుకునే కట్టె నాన్నా. నీకెందుకూ?"

కాస్సేపు బతిమాలించుకుని ఇచ్చాను. పక్క పొలంలోని ట్రాక్టరు ట్రాలీని గట్టుకి లాగింది. వాడు యంత్రాన్ని స్టార్టు చేసి, ట్రాలీ మీదే ముందుకి జరిపి, ఈసారి గట్టిగా కట్టాడు. తర్వాత చదును రోడ్డు మీద కట్టె నిలబెట్టి, తుమ్మముల్లుతో గాలిపిన్ను నొక్కాడు. సుయ్యిమని గాలి పోతుంటే బండి నెమ్మదిగా దిగింది. రేకు అంచు కట్టెని తాకగానే, "చాలు చాలు" అని అందరికంటే ముందు అరిచింది బసవలింగప్పే.

పన్నెండింటికి యంత్రం మడిలో దిగింది. ఆ సాయంత్రం దాకా, మళ్ళీ మర్నాడు మధ్యాహ్నం దాకా నాటింది. కానీ నీళ్ళలోంచి ఏరిన ట్రేల నారు, చాపలా అల్లుకున్న వేళ్ళు చిరిగి విడిపోయింది కదా, దాన్ని యంత్రం పట్టదు. ఆ నారుకి సరిపడా అరెకరం మిగిలింది. నీళ్ళు పోవటానికి ఇంకా నాలుగు గంటలుంది.

"చేత్తో నాటాలి" అన్నాను. "ఎవరు పడేసిన ట్రేలు వాళ్ళే."

బసవలింగప్ప ఇంటివాళ్ళతో పాటు వాడూ ప్యాంటు మడిచి దిగాడు. కాలువ తూము మూసేవేళకి ఆఖరి వరస పడింది. నేను గట్టు మీద కూర్చుని చూస్తున్నాను. నడుము ఆకాశానికి, ముక్కు బురదకి పెట్టి వెనక్కి వెనక్కి నడుస్తున్నాడు మా వంశోద్ధారకుడు.

బసవలింగప్ప రెండు రోజుల్లో మొదటిసారి నవ్వాడు.

"అవ్వా, గా కట్టె ఇట్ల ఇయ్యి. నీ మనవడికి ఇంగ జర హవా తియ్యాలె."