పదిహేడుగురు పిల్లల తల్లి

పెద్దక్క అన్నం డబ్బాకు మూత బిగిస్తుండగా ఫోన్ టింగుమంది.

"ఇవాళ ఎవరిదే పుట్టినరోజు?" అన్నాడు బూట్లు తుడుచుకుంటున్న మొగుడు.

"ఓ పిల్లాడిది. ఉండుంటే ఆరేళ్లు నిండేవి" అంటూ ఆమె మెసేజ్ చెరిపేసింది.

పిల్లల పేర్లు అచ్చువేసిన కప్పులు ఆన్‌లైన్‌లో అమ్మే కంపెనీలో ఆమె పద్నాలుగేళ్లుగా ఫిర్యాదుల ఫోన్లు ఎత్తుతోంది. వంగిన మెడ, హెడ్‌ఫోన్ ఒత్తుకుని కాయలు కాసిన చెవులు. ఇన్నేళ్లలో వెనకేసుకున్నది అదే. పేరు, రంగు, బొమ్మ ఏది కావాలంటే అది గంటలో వేసిస్తామని కంపెనీ గొప్ప. పేరుతోపాటు పుట్టినరోజూ రాసుకుంటారు. ఇక ఏటా కంప్యూటరే "మీ బుజ్జాయికి ఇంకో ఏడాది నిండింది, కొత్త కప్పు పంపమంటారా?" అని పలకరిస్తుంది. ఎంత ప్రేమ ఒలకబోస్తుందో!

పదకొండింటికి ఒక తల్లి ఫోన్ చేసింది. ఇది మూడోసారి.

"మా పాప పోయి రెండేళ్లయిందండీ. ఆ మెసేజ్ ఆపించండి" అంది. ఏడవలేదు. ఆ గొంతులో ఏడ్చే ఓపిక కూడా మిగల్లేదు.

పెద్దక్కకు ఒళ్లు మండిపోయింది. మెసేజ్‌లు ఆపడానికి తెరమీద నాలుగే కారణాలున్నాయి: ధర ఎక్కువ, నాణ్యత తక్కువ, వేరేచోట కొంటున్నారు, ఆసక్తి లేదు. ఏది నొక్కినా ఆర్నెల్లకు మళ్లీ బుజ్జగింపులు మొదలు. మనిషి చచ్చిపోతాడని ఈ దుకాణానికి తెలియదు. ఐదో కారణం చేర్చమని పైవాళ్లకు రాసి రాసి ఆమె చేతులు పడిపోయాయి. ఉలుకూ లేదు, పలుకూ లేదు. సిగ్గుండక్కర్లేదా?

"ఆసక్తి లేదని పెట్టెయ్ పెద్దక్కా" అన్నాడు అటుగా వచ్చిన సూపర్‌వైజర్.

"కన్నకూతురంటే తల్లికి ఆసక్తి లేదని రాయనా? నావల్ల కాదు బాబూ."

అతను అటు తిరగగానే ఎప్పుడూ చేసే పనే చేసింది. ఆ తల్లి నంబరు చెరిపేసి తన నంబరు ఎక్కించింది. "ఇక మీకు రాదమ్మా" అంది. ఇలా ఆమె ఫోన్‌కు చేరిన పిల్లల్లో ఈ పాప పదిహేడోది.

మూడింటికి సూపర్‌వైజర్ తన గదికి పిలిచాడు. ఒకే నంబరు కింద పదిహేడు పేర్లున్నాయని కంప్యూటర్ పట్టిచ్చింది.

"ఇది మోసం పెద్దక్కా. నా చేతుల్లో లేదు."

"పోయిన పిల్లలకు కప్పులమ్మడాన్ని ఏమంటారు మరి?"

అతను రాజీనామా కాగితం ముందుకు జరిపాడు. "పాత నంబర్లిస్తే నోటీసుతో పోతుంది. లేదంటే ఇవాళే ఆఖరు."

"చెరిపేశాను. గుర్తున్నా చెప్పను."

ఆ కాగితం మీద సంతకం పెట్టి తన సీటు దగ్గరికి వచ్చింది. బల్లమీద రిబ్బను కట్టిన డబ్బా ఉంది. పట్టిచ్చిన ఆ కంప్యూటరే పదిహేడు పేర్లు లెక్కేసి, ఆమెకు బహుమతి కూడా అచ్చువేయించింది. విప్పి చూసింది. తర్వాత అన్నం డబ్బా, స్వెటరు సంచిలో వేసుకుని, ఖాళీగా ఉన్న సూపర్‌వైజర్ గదిలోకి ఒకసారి వెళ్లి, మెట్లు దిగిపోయింది.

అతను టీ తాగి వచ్చేసరికి, కుర్చీకి ఎదురుగా కప్పు పెట్టి ఉంది. 'ఈ ఏటి ఉత్తమ మాతృమూర్తికి ప్రేమతో' అన్న అక్షరాల చుట్టూ పదిహేడు పేర్లు. చోటు చాలక పిడి కింద ఇరికించిన, పొద్దున చేరిన పాప పేరు మీద రంగు ఇంకా ఆరలేదు.